బల్లకు అవతలి పక్క

(పద్నాలుగో భాగం)

పోయినవారం మనం హిమజను రాంగోపాల్‌పేట్‌లో, హేమచంద్ర అండ్ సన్స్ టైలరింగ్ దుకాణం ముందు, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి వచ్చేశాం. ఆమె ఎదురుగా ముప్పైమంది బ్యాండుమేళం వాళ్లు. వాళ్ల ఒంటి మీద ముప్పై కొత్త వెల్వెట్ కోట్లు. అన్నీ ఒకే మిల్లు గుడ్డ, ఒకే రంగు. అయినా వాళ్లు ఎండలోకి వచ్చి వరుసగా నిలబడేసరికి పద్దెనిమిది కోట్లు దానిమ్మగింజల్లా మెరిశాయి. మిగతా పన్నెండూ నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఆ పన్నెండూ కోసింది హిమజ.

మేళం యజమాని డేవిడ్ రాజు కేకలేసినా బాగుండేది. ఆయన నవ్వాడు. "ఏంది సార్, నేను ఒక్క బ్యాండే పెట్టుకున్న. మీరు రెండు బ్యాండ్లకు కుట్టిన్రు!" అన్నాడు. రోడ్డు మీద పోయేవాళ్లు కూడా నవ్వారు. దాంతో చిన్న యజమాని విజయేందర్‌కు తల కొట్టేసినట్టయింది.

"నువ్వు కోసిన పన్నెండే ఎందుకిట్లయినయ్?" అని అందరి ముందూ అడిగాడు. హిమజ ఆ కోట్లను తిప్పితిప్పి చూసింది. "రేపు పదింటికల్లా చెప్పు. చెప్పకపోతే ఇగ కత్తెర ముట్టకు. మేడ మీద కూసోని గుండీలు కుట్టు."

గుండీలు కుట్టడమంటే ఏమిటో హిమజకు తెలిసినంతగా ఆ దుకాణంలో ఎవరికీ తెలియదు. ఇరవై రెండేళ్ల వయసులో ఆమె అక్కడ అడుగుపెట్టింది ఆ పనికే. మేడ మెట్లు దిగి, బల్ల దగ్గర కట్టర్‌గా నిలదొక్కుకుని పదకొండేళ్లయింది. నిలదొక్కుకుందని మనం అనుకోవాలి గానీ, జీతాల దగ్గరికి వచ్చేసరికి ఆ మాట నిలవదు. మిగతా ముగ్గురు కట్టర్లకూ కోటుకు ఇంత అని ఒక రేటు. హిమజకు అందులో ముప్పావు. పెద్దాయన హేమచంద్ర బతికుండగా పెట్టిన లెక్క అది. హిమజ కత్తెర పట్టేది ఎడమచేత్తో. పుర్రచేత్తో కోసిన గుడ్డను ఇంకొకరు సరిచూసుకోవాలి కదా, ఆ చూసినవాడికి కూలి ఎవరిస్తారు అనేవాడు. సరిచూసిన వాడెవడూ లేడు. కోత మాత్రం అందరికంటే ఎక్కువ హిమజదే. అయినా ఆ పావు వంతు పదకొండేళ్లుగా కోతపడుతూనే ఉంది.

దానికి తోడు పెళ్లికొడుకు షేర్వానీ ఉంది. సికింద్రాబాద్‌లో ఇప్పటికీ కొన్ని కుటుంబాలు గుడ్డకు మొదటి కత్తెర పడేటప్పుడు స్వయంగా వస్తాయి. తమలపాకులు, మిఠాయి తెస్తాయి. కట్టర్ కుడిచేత్తో మొదటి కోత వేస్తే చేతిలో ఇనాం పెట్టి, భుజాన కండువా కప్పి వెళ్తాయి. అలాంటివాళ్లు వస్తున్నారని తెలియగానే ఎవరూ చెప్పకుండానే హిమజ వెనక గదిలోకి వెళ్లిపోయేది. ఆ తర్వాత ఆ షేర్వానీ చేతులూ, కాలరూ కోసేది ఆమే. ఇనాం మాత్రం కుడిచేతిదే. లోకమంతా కుడిచేతి వాళ్లు కుట్టుకున్న చొక్కా. పుర్రచేతి వాళ్లు అందులో ఇరుక్కుని బతకాలి.

బ్యాండువాళ్లు కోట్లు విప్పి వెళ్లిపోయాక, బల్ల దగ్గర ఆమెతో మాట్లాడింది ఒక్క లక్ష్మణ్. ఇరవై రెండేళ్లుగా అక్కడ పనిచేస్తున్న పెద్ద కట్టర్. చాయ్ గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టి, "ఫికర్ చెయ్యకు చెల్లె. సార్ కోపం పొద్దటికి దిగుతది," అన్నాడు. ఆమె ముఖం చూడకుండా అన్నాడు. బాధ చూడలేకేమో అనుకుంది హిమజ.

చాయ్ తాగలేదు. కొంగు మూలలో పెట్టుకునేంత వెల్వెట్ ముక్క ఒకటి కత్తిరించి సంచీలో వేసుకుని, నాలుగున్నరకు బోయిన్‌పల్లి బస్సెక్కింది. ఈ చిక్కు విప్పగల మనిషి ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. నాలుగు నెలలుగా ఆమె ఎవరి గడప తొక్కకుండా తప్పించుకు తిరుగుతోందో ఆ మనిషి.

పీర్ మహమ్మద్ మాస్టర్ ముప్పై ఎనిమిదేళ్లు ఆ దుకాణానికి కటింగ్ మాస్టర్. చెయ్యి వణకడం మొదలయ్యాక నాలుగు నెలల కిందట మానేశాడు. హిమజకు కత్తెర పట్టడం నేర్పింది ఆయనే. మరి ఆయనంటే కోపం దేనికి? అది పదకొండేళ్ల కిందటి కోపం. మేడ దిగిన మొదటి రోజు, బల్ల దగ్గర ముగ్గురు మగవాళ్ల పక్కన నిలబడబోతుంటే మాస్టర్ ఆమెను ఆపాడు. "ఇక్కడ గాదు. అవతలికి పో," అని బల్లకు ఎదుటి పక్క, గోడ వైపు చూపించాడు. వాళ్లు ముగ్గురూ ఒక వరుస. ఈమె అవతల ఒక్కతే. వీపుకు గోడ తగులుతూ ఉండేది. వాళ్లు పక్కపక్కన నిలబడి మాట్లాడుకునేవారు, నవ్వుకునేవారు, ఒకరి టిఫిన్ ఒకరు తినేవారు. ఎదురుగా ఉన్న మనిషిని మాత్రం మరిచిపోయేవారు. ఎవరో కొత్తగా వచ్చినవాడు "ఆమెకు ఏమన్న శిక్షనా?" అని అడిగితే అందరూ నవ్వారు, మాస్టర్ కూడా. ఆ నవ్వు ఆమె మరిచిపోలేదు. తల్లి పోయాక సీతాఫల్‌మండిలోని ఒంటిగదిలో రాత్రి అన్నం తినేటప్పుడు కూడా వీపు వెనక ఆ గోడే ఉన్నట్టుండేది ఆమెకు.

బోయిన్‌పల్లి మార్కెట్ వెనక సందులో టమాటా పెట్టెలు దాటుకుంటూ వెళ్లేసరికి, అక్బర్ బీ గుమ్మంలో కూర్చుని కొత్తిమీర ఏరుతోంది. మాస్టర్ భార్య. హిమజను చూసి కట్ట పక్కన పడేసి లేచింది.

"అయ్యొ, హిమజనా! నాలుగు నెలలకు యాదికొచ్చినమా బిడ్డ?"

"పని ఉండె ఖాలా," అంది హిమజ. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

మాస్టర్ మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. సగమయ్యాడు. కుడిచెయ్యి దుప్పటి మీద దానంతటదే కదులుతోంది. ఆ చేతిని చూడగానే, బస్సులో కూడబలుక్కుని వచ్చిన పొడిపొడి మాటలన్నీ హిమజ నోట్లోనే ఉండిపోయాయి. వెల్వెట్ ముక్క తీసి ఆయన ముందు పెట్టి, జరిగిందంతా చెప్పింది. పన్నెండు కోట్లు, డేవిడ్ రాజు నవ్వు, రేపు పది గంటలు, గుండీలు.

"మీరు నేర్పిన తీరే కోసిన మాస్టర్ సాబ్. కోటు మెడ కత్తెర పట్టిన చేతి దిక్కు ఉండాలె అన్నరు. అట్లనే పెట్టిన. పదకొండేండ్లు అట్లనే పెట్టిన. ఎన్నడు ఇట్ల కాలే."

మాస్టర్ ముక్కను ఎడమచేత్తో నిమిరాడు. వెల్వెట్‌కు నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే మెత్తగా పడుకుని మెరుస్తుంది, ఎదురు నిమిరితే లేచి నల్లగా కనిపిస్తుంది. అందుకే ఎన్ని కోట్లు కోసినా అన్నింటి మెడలూ ఒకే దిక్కు ఉండాలి. ఒక్క కోటు తలకిందులుగా కోస్తే మిగతా వాటి పక్కన రంగు మారిపోతుంది. దర్జీ పనిలో ఇది ఓనమాలు.

"బల్ల ఎక్కడుంది బేటీ ఇప్పుడు?" అన్నాడు ఉన్నట్టుండి.

"గోడకు జరిపిన్రు. రెండు నెలలైంది. నడుమ అద్దాల ట్రయల్ రూమ్ కట్టిన్రు గదా."

"మరి నువ్వెక్కడ నిలబడ్డవ్?"

"అందరి పక్కనే."

మాస్టర్ కళ్లు మూసుకున్నాడు. తెరిచాక, "లేవు. మంచానికి అవతల నిలబడు," అన్నాడు.

నిలబడింది. ఆయన ఇవతల అంచుకు జరిగి కూర్చున్నాడు. మధ్యలో దుప్పటి మీద వెల్వెట్ ముక్క.

"ఈ మంచమే బల్ల అనుకో. నేను కుడిచేతోన్ని. నా కత్తెర చెయ్యి ఎటుంది?"

"కిటికీ దిక్కు."

"నీది?"

హిమజ తన ఎడమచేతిని చూసుకుంది. "నాది సుత కిటికీ దిక్కే."

"ఆఁ. అయితే నా కోటు మెడ ఎటు? కిటికీ దిక్కు. నీ కోటు మెడ? కిటికీ దిక్కు. ఇప్పుడు ఇటొచ్చి నా పక్కన నిలబడు."

మంచం చుట్టూ తిరిగి వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"ఇప్పుడు చెప్పు. నీ కత్తెర చెయ్యి ఎటున్నది?"

ఆమె ఎడమచెయ్యి తలుపు దిక్కున ఉంది.

మామూలు గుడ్డకు మెడ ఎటున్నా ఒకటే. బల్ల జరిపాక ఈ రెండు నెలల్లో కోసినవన్నీ స్కూలు యూనిఫాంలు, ప్యాంట్లు. ఎవరికీ తెలియలేదు. వెల్వెట్ వచ్చాకే తప్పు బయటపడింది.

"నన్ను గోడకు నిలబెట్టింది..." అని ఆగిపోయింది హిమజ.

"ఇందుకే గద పిచ్చిదానా. నీ చేతికి వేరే రూలు పెడితే పది సార్లు మరుస్తవు. నిన్నే అవతల నిలబెడితే అదే రూలు, అదే కోత. మూడు దినాలు ఆలోచించిన అప్పుడు. మా ఇంటామెను ఇట్లనే మంచానికి అవతల నిలబెట్టి చూసిన."

"చెంచా ఎడమచేతిలో పెట్టి నిలబెట్టిండు," అంది గుమ్మంలోంచి అక్బర్ బీ. "పొయ్యి మీద కూర మాడింది ఆ దినం."

హిమజకు నవ్వు రాలేదు. గుండెల్లో ఏదో కరిగినట్టయింది. దాని వెనకే కోపం కూడా వచ్చింది. పదకొండేళ్లు! ఒక్క మాట చెప్పి ఉంటే ఆ గోడ అంత చల్లగా ఉండేది కాదు కదా.

"చెప్పొచ్చు గద మాస్టర్ సాబ్. నేను మీకు ఇష్టం లేదనుకున్న. నా చెయ్యి పక్కన మీ చేతులు ఉండొద్దని అవతల నిలబెట్టిన్రనుకున్న. ఇన్నేండ్లు గట్లనే అనుకున్న."

ముసలాయన వెల్వెట్ ముక్కను మడిచి పక్కన పెట్టాడు.

"భయపడ్డ బేటీ. పెద్ద సేట్ సంగతి నీకెరుకనే గద. ఈ పుర్రచేతామెకు బల్ల సుత అలగ్, వేరేది కావాల్నా అని నిన్ను మళ్ల పైకి పంపుతడేమో అనుకున్న. జగా లేదు, అందుకే అవతల నిలబెట్టిన అని చెప్పిన. తర్వాత పని మంచిగ నడుస్తుంటె ఇగ చెప్పుడెందుకు అనుకున్న. నీకు తక్లీఫ్ అయితుందని నాకు తట్టలే. తప్పు నాదే."

ఆ మాటతో హిమజ మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది. ఏడ్చింది. అక్బర్ బీ వచ్చి తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. తల్లి పోయాక తన తల మీద ఎవరైనా చెయ్యి పెట్టడం ఇదే మొదటిసారని హిమజకు ఆ చెయ్యి పడ్డాక తెలిసింది.

కళ్లు తుడుచుకుని తేరుకుంది. ఇక భయం లేదు. రేపు పదింటికి విజయేందర్‌ను బల్ల దగ్గరికి పిలిచి, ఇక్కడ జరిగిందే అక్కడ చేసి చూపిస్తే చాలు. తప్పు చేతిది కాదు, బల్ల జరపడంలో ఉందని చంటిపిల్లలకైనా అర్థమవుతుంది.

"ఈ మఖ్మల్ గుడ్డ కోసిన దినం నీ పక్కన ఎవలున్నరు?" అని అడిగాడు మాస్టర్.

"లక్ష్మణన్న," అంది హిమజ. ఆ రోజు గుర్తుకొచ్చి ఆమె ముఖం కొంచెం వెలిగింది. "బల్ల జరిపినంక నేను చివరకు ఎడంగ నిలబడుతుంటి. ఆ దినం ఆయనే జరిగి నాకు జగా ఇచ్చిండు. 'ఇన్నేండ్లు ఒక్కదానివే నిలబడ్డవ్ చెల్లె, ఇయ్యాల నా పక్కన నిలబడు' అన్నడు. ఆయన కుడి మోచెయ్యి, నా ఎడమ మోచెయ్యి తగులుకుంటనే ఉండె. తగిలినప్పుడల్లా ఇద్దరం నవ్వినం. నా టిఫిన్‌ల పచ్చిపులుసు సుత పోసుకున్నడు."

మూడు వారాలుగా ఆ మోచేతి తాకిడిని ఆమె దాచుకుని తలుచుకుంటోంది. ఒక మనిషి పక్కన నిలబడి పనిచెయ్యడం ఇంత బాగుంటుందా అనుకుంది ఆ రోజు. ఆ సంగతి మాస్టర్‌తో చెప్పడానికి ఆమెకు సిగ్గేమీ అనిపించలేదు.

మాస్టర్ భార్య వైపు చూశాడు. అక్బర్ బీ చూపు తిప్పుకుంది.

"ఏమైంది మాస్టర్ సాబ్?"

"బల్ల జరిపిన వారమే లక్ష్మణ్ నన్ను చూడ వచ్చిండు. బల్ల గోడకేసిన్రు అని చెప్పిండు. నేను వానికి చెప్పిన బేటీ. మామూలు గుడ్డకు ఫరక్ లేదు, మఖ్మల్ వస్తే మాత్రం పిల్లను కోటు నమూనాలను మెడ తిప్పి పెట్టుకొమ్మను అని. ఇదే మంచం కాడ. ఇట్లనే నిలబెట్టి చూపించిన."

"మరిచిపోయిండేమో."

"మూడు సార్లు చెప్పిన," అన్నాడు మాస్టర్. "వాడు గుర్తుంటదని నా చెయ్యి పట్టుకొని మరీ చెప్పిపోయిండు."

హిమజ లేచింది. అక్బర్ బీ తాగమన్న చాయ్ తాగలేదు. మళ్లీ వస్తానని చెప్పి సందులోకి వచ్చింది. వెలుతురు ఇంకా ఉంది. మార్కెట్ దగ్గర హమాలీలు ఉల్లిగడ్డ బస్తాలు దించుతున్నారు. బస్టాపులో జనం బాగానే ఉన్నారు, కానీ ఆమెకు పక్కన ఎవరూ లేనట్టే ఉంది. మోచేయి తగిలినప్పుడల్లా ఆయన నవ్వాడు. పక్కన నిలబడి, తను మెడలు ఎదురు దిక్కుకు పెడుతుంటే చూస్తూ నవ్వాడా? ఒకటి కాదు, పన్నెండు కోట్లు చూస్తూనా? గోడ పక్కన పదకొండేళ్లు నిలబడ్డప్పుడు కూడా ఇంత ఒంటరితనం తెలియలేదు ఆమెకు.

ఉండబట్టలేక ఫోన్ చేసింది. రెండో రింగుకే ఎత్తాడు.

"అన్నా, మాస్టర్ సాబ్ ఇంటికి వచ్చిన."

అవతల ఎవరో పిల్లలు పాఠం గట్టిగా చదువుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత తలుపు వేసిన చప్పుడు. పాఠం ఆగిపోయింది.

"ఎరుకైందా?" అన్నాడు లక్ష్మణ్.

"మరిచిపోయినవ్ గదా అన్నా?"

"మరిచిపోయిన అంటే నువ్వు నమ్ముతవు. నాకెరుకే. గని మరిచిపోలే చెల్లె."

"మరెందుకన్నా?"

"మఖ్మల్ వచ్చే ముందటి దినం సార్ నన్ను కౌంటర్ కాడికి పిలిచిండు. మాస్టర్ కుర్చీ హిమజకు ఇద్దామనుకుంటున్న, నువ్వేమంటవ్ లక్ష్మణ్ అన్నడు. మా నాయన ఆమెకు అన్యాయం చేసిండు, ఈ మఖ్మల్ పని అయినంక అందరికి చెప్పి నేను సక్కగ చేస్త అన్నడు. పూర రేటు, షేర్వానీ కోత, అన్ని నీకే. మంచిగ చేస్తది సార్ అన్న నేను. నవ్వుకుంట అన్న. ఇరవై రెండేండ్లు చెల్లె. ఇంటికొచ్చి అన్నం తినలే."

హిమజ స్టాపులోని ఇనుప స్తంభం పట్టుకుంది. మాస్టర్ కుర్చీ. అది తనదయింది, తనకు తెలియకుండానే. తనదై, వెల్వెట్‌కు కత్తెర పడేదాకా ఒక్కరోజు ఉంది. ఆ ఒక్కరోజూ తను ఎప్పటిలాగే ముప్పావు కూలికి స్కూలు ప్యాంట్లు కోస్తూ గడిపేసింది. సంతోషపడాలో, గుండెలు బాదుకోవాలో ఆమెకు తెలియలేదు.

"రేపు పదింటికి సార్‌కు నా సంగతి సుత చెప్పుతవు గదా," అన్నాడు లక్ష్మణ్.

హిమజ ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకుంది.

"చెప్పు. నేను అడ్డం రాను. అబద్ధమాడను సుత. చెప్పినంక సార్ నన్ను ఒక్క దినం ఉంచుకోడు. ఈ వయసుల నన్ను ఏ దుకాణపోడు పెట్టుకుంటడు? అయినా సరే. నేను చేసింది చేసిన. ఒక్కటే అడుగుత. అందరి ముంగట నిలబెట్టి చెప్పుతవా, నేను లేనప్పుడు చెప్పుతవా? రేపు నేను దుకాణానికి రావాల్నా, వద్దా?"

సీతాఫల్‌మండి వైపు పోయే బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు. హిమజ కదల్లేదు. బల్ల ఎక్కడ వెయ్యాలో, ఆమె ఎక్కడ నిలబడాలో, ఆమె చేతికి ఎంత ఇవ్వాలో పదకొండేళ్లలో ఒక్కరూ ఆమెను అడిగి చెయ్యలేదు. ఇవాళ మొదటిసారి ఒక మనిషి ఆమెను అడుగుతున్నాడు. ఆయన అడుగుతున్నది తన సొంత మెడ మీద కత్తెర ఎటు పెట్టాలని.

బస్సు కదిలిపోయింది.

"చెల్లె," అన్నాడు లక్ష్మణ్. "ఇనబడుతున్నదా? రావాల్నా, వద్దా?"